బెసలేలునకు కలిగిన ప్రేరణ

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 31:1–17, 32:1–24, 35:20–36:7



మన సంఘములలో పాట కట్టగలవారున్నారు. బొమ్మ గీయగలవారున్నారు. క్రిస్మసు నాటకమునకు మాటలు వ్రాయువారు, మందిరపు గోడమీద వాక్యమును అందమైన అక్షరములతో దిద్దువారు, ప్రభువు బల్లమీది గుడ్డకు పూల అంచు కుట్టు అక్కలు, డోలకు మీద చేయి వేయగానే నిద్రమత్తులోనున్న సభను లేపి కూర్చుండబెట్టు తమ్ముళ్లు ఉన్నారు. వీరిలో అనేకులు కొంతకాలము పనిచేసి మానివేయుచున్నారు. ఏల మానితిరని అడిగినయెడల, అప్పుడు ప్రేరణ యుండెను, ఇప్పుడు లేదు అందురు. మరికొందరు మొదలే పెట్టరు. అది గొప్పవారికి, చదువుకొన్నవారికి, పట్టణపువారికి కలుగు వరమని వారి తలంపు. ఈ నెల పాఠములో మనము ఈ ప్రేరణను లేఖనములో వెదకుదము. అది ఎవరికి కలిగెను? ఎట్లు కలిగెను? కలిగిన తరువాత వారు దానిని ఎట్లు కాపాడుకొనిరి?

ఆత్మపూర్ణుడు అనగానే మన మనస్సునకు ప్రవక్తయో అపొస్తలుడో తోచును. నిర్గమకాండము 31వ అధ్యాయములో దేవుడు పేరుపెట్టి పిలిచితినని మోషేతో చెప్పిన మనుష్యుడు ప్రవక్త కాడు, యాజకుడును కాడు. అతడు చేతిపనివాడు. యూదా గోత్రములో ఊరు కుమారుడును హూరు మనుమడునైన బెసలేలు. అతనిని తన ఆత్మతో నింపితినని దేవుడే సెలవిచ్చెను. ఏ పనికి? బంగారము, వెండి, ఇత్తడి పోతపోయుటకు, రత్నములు సానబెట్టి పొదుగుటకు, కఱ్ఱ చెక్కుటకు. ఇంకను వెనుకకు పోయి 28:3 చదివినయెడల, అహరోను వస్త్రములు కుట్టవలసినవారిని గూర్చియు అట్టి మాటయే కనబడును. కుట్టుపని, కంసాలిపని, వడ్రంగము ఆత్మ నింపుదలతో జరుగు పనులని లేఖనము ఇంత ముందుగా చెప్పుచుండగా, మనము వాటిని మందిరమునకు వెలుపలి సంగతులుగా ఎంచుట వింతగానే యున్నది.

ఆ నింపుదలలో ఏమేమి యున్నవో గమనించుడి. జ్ఞానమున్నది, వివేకమున్నది, విద్య యున్నది, పనితనమున్నది. మన పల్లెలలో పూనకము అను మాట అందరికి తెలిసినదే. పూనకము వచ్చినవారికి తాము ఏమి చేసిరో తరువాత తెలియదు. బెసలేలుకు కలిగినది అట్టిది కాదు. మందసమునకు రెండున్నర మూరల పొడవు, మూరెడున్నర వెడల్పు, మూరెడున్నర ఎత్తు ఉండవలెను (25:10). ఆత్మతో నిండినవాడు మూరకోల పట్టుకొని కొలువవలసియుండెను. కొలత తప్పిన పలకను ప్రక్కన పెట్టి మరియొకటి కోయవలసియుండెను.

అతడు ఈ విద్య ఎక్కడ నేర్చెను? వాక్యము చెప్పలేదు. అరణ్యములో ఒక్క రాత్రిలో సమస్తమును వచ్చెనని కొందరు బోధింతురు. దేవునికి అసాధ్యమైనది లేదు గనుక దానిని మేము త్రోసివేయము. అయితే ఐగుప్తులో ఇటుకలు చేసి మట్టి మోసిన ఆ జనములో, లోహము కరగించుటయు రాయి చెక్కుటయు చూచి నేర్చినవారు కొందరైన ఉండియుందురు. మోషే పని ఆరంభించుటకు పిలిచినది కూడ, యెహోవా ఎవరి హృదయములో ప్రజ్ఞ పుట్టించియుండెనో వారినే (36:2). దావీదును చూడుడి. సౌలు ఇంటికి పిలువబడక మునుపే అతడు చక్కగా వాయించువాడని పేరు పొందెను (1 సమూయేలు 16:18). గొఱ్ఱెల వెంబడి తిరిగిన దినములలో, వినువారు లేని చోట, అతని వ్రేళ్లు ఆ తీగెలకు అలవాటుపడెను. రాజనగరు పిలుపు వచ్చిన దినమున నేర్చుకొన మొదలుపెట్టినయెడల సౌలునకు ఏమి మేలు కలిగియుండును?

పట్టణపు సంఘములలో క్రిస్మసు, ఈస్టరు దినములయందు పాడు హల్లెలూయ కోరసును మీలో కొందరు వినియుందురు. అది హాండెలు అను సంగీత విద్వాంసుడు కూర్చిన ‘మెస్సీయ’లోనిది. ఆ దీర్ఘమైన సంగీతమునంతను అతడు 1741 ఆగస్టు 22వ తేదీ మొదలుకొని సెప్టెంబరు 14వ తేదీ వరకు, 24 దినములలో వ్రాసెను. ఈ సంగతిని మన ప్రసంగికులు చెప్పునప్పుడు ఆకాశము తెరవబడి రాగములు కురిసినట్లు చెప్పుదురు. సగము మాత్రమే చెప్పుచున్నారు. అప్పటికి హాండెలు 56 ఏండ్లవాడు. 30 ఏండ్లకు పైగా అదే వృత్తిలో అరిగినవాడు. అంతేకాదు, అదే యేట జూలై మాసములో ఇటలీ భాషలో తాను కట్టిన పాటల వరుసలను కొన్నిటిని తీసి మెస్సీయలో వాడుకొనెను. ఆ 24 దినములు దేవుని కృపయే. అయితే గాదెలో ధాన్యము పోసికొన్నవాడే విందునాడు వండి వడ్డించగలడు గదా.

గాదె నింపుకొనుట ఎట్లు? మొదటిది చూచుట. మందసమునకు, బల్లకు, గుడారపు పలకలకు కొలతలు చెప్పిన దేవుడు దీపవృక్షమునకు మాత్రము పొడవు వెడల్పులు చెప్పలేదు (25:31–40). ఒక తలాంతు మేలిమి బంగారము, అనగా 30 కిలోలకు పైగా నుండు ముద్ద, దానిని సుత్తెతో కొట్టి నకిషిపనిగా చేయవలెను. ఆరు కొమ్మలుండవలెను. కొమ్మకొమ్మకును బాదము పువ్వు వంటి కలశములు, మొగ్గలు, పువ్వులు ఉండవలెను. ఆకారము మోషేకు కొండమీద చూపబడెను. బెసలేలు కొండ ఎక్కినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. మోషే నోట విని చేయవలసిన వానికి బాదము పువ్వు రేకు ఎట్లు వంగునో, మొగ్గ ఎక్కడ విచ్చునో కన్నులార చూచిన జ్ఞాపకము లేనియెడల సుత్తె ఎక్కడ పడవలెను?

మన తంగేడు పూవును, చెరువుగట్టు మీది మోదుగును, కల్లములో తూర్పారబట్టునప్పుడు గాలికి ఎగురు పొట్టును ఇట్లు నిలిచి చూచినవారు మనలో ఎందరు? పాట కట్టు తమ్ముడా, నాట్లు వేయు స్త్రీలు వరుసలో ఒకరు ఎత్తుకొనగా తక్కినవారు అందుకొను తీరును వినుము. ఆ ఎత్తుకొనుటకు, అందుకొనుటకు నడుమ ఎంత జాగా విడుతురో గమనించుము. అవ్వ మనుమని నిద్రపుచ్చునప్పుడు మాటలు తీరిపోయిన తరువాత ఏ కూనిరాగము తీయునో వినుము. ఒక చిన్న నోటుపుస్తకము దగ్గర నుంచుకొని, తోచిన మాటను అప్పుడే వ్రాసికొనుము. సాయంకాలము వ్రాసికొందునని విడిచినది సాయంకాలమునకు మిగులదు.

రెండవది, ఎవరి కొరకు చేయుచున్నామో యెరుగుట. ఇక్కడ ఇంగ్లాండు దేశములోని ఓల్నీ అను చిన్న ఊరిని గూర్చి కొంచెము విస్తారముగా చెప్పవలెను. ఆ ఊరివారు ఎక్కువమంది బీదలు. ఇంటింట లేసు అల్లుకొని బ్రదుకువారు. 1764వ సంవత్సరమున అక్కడికి సంఘపు కాపరిగా జాన్ న్యూటను వచ్చెను. ఇతడు పూర్వము బానిసలను అమ్ము ఓడలకు నాయకుడై యుండి, దేవుని కృప వలన మారినవాడు. మహాకవి కావలెనని అతడు పాటలు వ్రాయలేదు. చదువు కొలదిగా నున్న తన సంఘస్థులకు వాక్యము మనస్సులో నిలుచుటకు, ప్రసంగమునకు, ప్రార్థన కూటమునకు సరిపడు పాటలను సామాన్యమైన మాటలతో కట్టుచుండెను. ఆదివారము వచ్చును, కూటము వచ్చును, పాట కావలసియుండును. నేడు లోకమంతట ‘అమేజింగ్ గ్రేస్’ అను పేరుతో పాడబడుచున్న కీర్తన అట్లు పుట్టినదే. 1773 జనవరి 1వ తేదీన, దినవృత్తాంతములు మొదటి గ్రంథము 17వ అధ్యాయములో దావీదు దేవుని సన్నిధిని కూర్చుండి చేసిన ప్రార్థనను బోధించు సందర్భమునకై అది వ్రాయబడెను. నూతన సంవత్సరపు ఆరాధనకు ఆ ఊరివారికి కావలసిన పాట, అంతే. నేడు మనము వినుచున్న రాగమైనను దానికి అప్పుడు లేదు. 1835లో అమెరికా దేశములో ఒక పాటల పుస్తకములో ఆ మాటలకు ఆ రాగము జతపరచబడెను. అప్పటికి న్యూటను మరణించి 28 సంవత్సరములు గడచెను. తన పాట ఎట్లు వినబడునో వ్రాసినవాడు వినలేదు.

ఎవరికిని అక్కరలేని పాటకు ప్రేరణ కొరకు కనిపెట్టుట మిక్కిలి కష్టము. వచ్చే గురువారపు కూటములో, భర్త చనిపోయిన ఫలాని అక్కను ఓదార్చుటకు పాట కావలెనన్న యెడల మాటలు త్వరగా కదలును. ఇది మేము మన సంఘములలో పలుమారులు చూచిన సంగతి.

అయినను ఎండిపోవు కాలములు వచ్చును. దీనిని దాచనక్కరలేదు. అదే ఓల్నీలో న్యూటనునకు స్నేహితుడైన విలియము కూపరు అను కవి యుండెను. 1779లో వారి కీర్తనల పుస్తకము అచ్చుపడినప్పుడు అందులోని 348 కీర్తనలలో 60కి పైగా కూపరువి. ఎక్కువ వ్రాయవలసినవాడే గాని 1773 ఆరంభములో అతనికి మనోవ్యాధి తీవ్రముగా వచ్చెను. దేవుడు తన్ను విడిచెనని నమ్మి కలము దించివేసెను. అతడు అవిశ్వాసి గనుక అట్లాయెనని ఎవరైన అన్నయెడల వారి మాట వినకుడి. మనస్సునకును శరీరమునకు వలెనే రోగము కలుగును, వైద్యుడు కావలెను, కనిపెట్టుకొని యుండు స్నేహితులు కావలెను. న్యూటను అతనిని విడువలేదు. కొంతకాలమునకు కూపరు తోటపని చేసెను, వడ్రంగము చేసెను, మూడు కుందేటి పిల్లలను పెంచెను. తరువాత ఒక స్నేహితురాలు కావ్యము వ్రాయుమని ప్రోత్సహించగా, దేనిని గూర్చి వ్రాయుదునని అడిగెను. నీవు కూర్చున్న ఈ సోఫాను గూర్చియే వ్రాయుమని ఆమె చెప్పెను. వేడుకగా ఆరంభించిన ఆ సోఫా పాట పెరిగి పెరిగి ఆరు భాగముల కావ్యమై 1785లో అచ్చుపడెను. అతని రోగము పూర్తిగా విడిచిపోలేదు. చేయి మాత్రము మరల కదలెను.

137వ కీర్తనను కూడ తలంచుడి. బబులోను నదుల ఒడ్డున చెరపట్టబడినవారు సితారాలను చెట్లకు తగిలించి, పాడలేమని కూర్చుండిరి. పాడలేకపోతిమని చెప్పిన ఆ మాటలే పాటయై మన బైబిలులో నున్నవి. ప్రేరణ లేదని దుఃఖపడు సహోదరి ఆ లేమినే దేవునితో చెప్పి, చెప్పినది కాగితము మీద పెట్టవచ్చును.

ఎండిపోవుటకు మరియొక కారణము విశ్రాంతి లేకపోవుట. దీనిని మనము సాధారణముగా గమనింపము. బెసలేలును గూర్చి చెప్పిన వెంటనే, 31:12 మొదలుకొని, దేవుడు విశ్రాంతిదినమును గూర్చి మాటలాడెను. తన నివాసమును కట్టు పని అయినను ఏడవ దినమున ఆగవలెను. మోషే ప్రజలతో పని సంగతి చెప్పునప్పుడు విశ్రాంతిదినమునే మొదట చెప్పెను (35:1–3). గుడారపు పనికే సెలవు కావలసియుండగా మన క్వయరు సాధనకు అక్కరలేదా? ఆదివారము ఉదయము ఆరాధన, మధ్యాహ్నము సాధన, రాత్రి కూటము, అన్నిటిలో ఆ ముగ్గురు పిల్లలే వాయించుట, పాడుట. వారి గొంతు బొంగురుపోయినప్పుడు పెద్దలు ప్రార్థించుదురు. ఒక ఆదివారము వారిని ఊరకయే కూర్చుండనిచ్చిన మేలు. ఖాళీ దొరికిన గడియనంత జేబులోని ఫోను మ్రింగివేయుట విశ్రాంతి కాదని పిల్లలకును చెప్పవలసియున్నది.

ఇప్పుడు 32వ అధ్యాయమునకు రండి. మోషే కొండమీద బెసలేలు పేరు వినుచున్న దినములలోనే, క్రింద అహరోను మరియొక శిల్పము చేసెను. ప్రజల చెవిపోగులు తెప్పించి, పోగరతో రూపమేర్పరచి పోతపోసిన దూడగా చేసెనని 4వ వచనము స్పష్టముగా చెప్పుచున్నది. మోషే వచ్చి నిలదీయగా అతడేమి చెప్పెను? బంగారమును అగ్నిలో వేసితిని, ఈ దూడ దానంతటదే బయటికి వచ్చెనన్నట్లు చెప్పెను (32:24). ఈ గ్రంథములో తాను చేసినది దానంతటదే వచ్చెనని చెప్పిన పనివాడు ఒక్క అహరోనే. బెసలేలు నోట అట్టి మాట లేదు. నిజమునకు బెసలేలు మాటలాడినట్లే వ్రాయబడలేదు.

కాబట్టి ప్రేరణ కలిగెనని చెప్పుకొనుట చాలదు. ఆ దూడ ప్రేరణ ఎక్కడనుండి వచ్చెను? గుంపు కేకలనుండి వచ్చెను. వారికి త్వరగా కావలెను, కంటికి కనబడునది కావలెను, అహరోనుకు వారి భయముండెను. మన పాటలకును ఈ అపాయమున్నది. సభ చప్పట్లు కొట్టునని తెలిసిన సినిమా వరుసను తెచ్చి, పై మాటలు మార్చి, ప్రభువు పాట అనుట సులభము. మా అభిప్రాయము కఠినముగా తోచిన తోచవచ్చును గాని, ఆ పాట ఎత్తుకొనగానే వినువాని మనస్సు ఎక్కడికి పోవునో కట్టినవానికి తెలియును.

ఊరి వరుసలు వాడరాదని చెప్పుటలేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి, కీర్తనల తలమీద రాగము పేరు, తాళము పేరు ఉండును. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) సువార్త ప్రకటించుచు, తెలుగువారి చెవికి అలవాటైన రాగతాళములతో, పల్లవి చరణముల కట్టుబాటుతో కీర్తనలు కూర్చిరి. నేటికిని సమాధి కార్యములలోను, ప్రభువు బల్ల యొద్దను మన తల్లులు వాటిని పుస్తకము చూడక పాడుచున్నారు. తాళము తప్పనివ్వకుండ, మాటకు మాట అతుకునట్లు కుదిర్చిన ఆ కూర్పు వెనుక తెలుగు సంస్కృతముల చదువున్నది, ప్రార్థన యున్నది. పూర్వపు రాగమును నేర్చి దానిలో క్రొత్త పాట కట్టుట వేరు, నిన్నటి పాటను తుడిచి దానిమీద వ్రాయుట వేరు.

ఇక సంఘమునకు చెందిన భాగము. బెసలేలు ఒంటరిగా చేయలేదు. దాను గోత్రికుడైన అహోలీయాబు అతనికి తోడైయుండెను. ఇతరులకు నేర్పు బుద్ధిని కూడ దేవుడు వారిద్దరి హృదయములలో పుట్టించెను (35:34). నేర్పుటయు వరములో భాగమే. తన విద్య మరియొకరికి వచ్చిన యెడల తన పేరు తగ్గునని హార్మోనియము మెట్లు చూపని అన్నలు ఈ వచనమును మరియొకమారు చదువవలెను. దావీదు దినములలో మందిరపు గాయకులు 288 మంది యుండిరి. వంతులకు చీట్లు వేయునప్పుడు గురువని శిష్యుడని భేదము చేయలేదు (1 దినవృత్తాంతములు 25:7–8). వీరిలో హేమానుకు 14 మంది కుమారులు, ముగ్గురు కుమార్తెలు ఉండిరి.

గుడారపు పనికి స్త్రీలు తమ చేతులతో మేకవెండ్రుకలు వడికి తెచ్చిరి (35:26). గుడారపు ద్వారమునొద్ద సేవించిన స్త్రీల అద్దములతో ఇత్తడి గంగాళము చేయబడెను (38:8). ఆ కాలపు అద్దములు మెరుగుపెట్టిన లోహపు రేకులు. తమ ముఖము చూచుకొను వస్తువును వారు పనివాని కొలిమికి ఇచ్చివేసిరి. ప్రతి ఉదయమును జనులు తెచ్చుచుండగా, ఇక చాలును, తేవద్దని మోషే పాళెములో చాటింపవలసి వచ్చెను (36:3–7). మన మందిరములలో ఇట్టి చాటింపు విన్నవారెవరు? పెయింటు డబ్బాకు, డోలకు చర్మమునకు, పిల్లల నాటకపు గుడ్డలకు పైకము అడిగినప్పుడు కమిటీలో అన్నిటికంటె కడపట మాటలాడు సంగతి అదే గదా. ఆ పిల్లవాడు రెండు సంవత్సరములు అడిగి మూడవ సంవత్సరము అడుగుట మానివేయును. తరువాత వానికి ప్రేరణ పోయెనని మనము చెప్పుకొందుము.

పని ముగిసిన తరువాత బెసలేలు ఏమాయెనో తెలియదు. ఎప్పుడు చనిపోయెనో, ఎక్కడ పాతిపెట్టబడెనో వ్రాయబడలేదు. అతని పేరు మాత్రము 400 ఏండ్లకు పైగా గడచిన తరువాత మరల ఒక చోట కనబడును. సొలొమోను క్రొత్తగా రాజై, సమాజముతో కూడ గిబియోనునకు వెళ్లెను. ఊరు కుమారుడైన బెసలేలు చేసిన ఇత్తడి బలిపీఠము అక్కడ ఇంకను నిలిచియుండెనని 2 దినవృత్తాంతములు 1:5 చెప్పుచున్నది. రాజు దానిమీద వెయ్యి దహనబలులు అర్పించెను. ఆ రాత్రి దేవుడు ప్రత్యక్షమై, ఏమి కావలెనో అడుగుమనగా, సొలొమోను జ్ఞానము అడిగెను. హెబ్రీ భాషలో ఆ మాట, ఆ పీఠమును చేసినవానికి దేవుడు అనుగ్రహించితినని మోషేతో చెప్పిన జ్ఞానమునకు వాడిన మాటయే.